బతికున్నవాడికి తద్దినం

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల క్యాంటీన్లలో గానీ, సినిమావాళ్ళ ప్రెస్‌మీట్లలో గానీ పీర్-టు-పీర్ నెట్‌వర్కుల మాట ఎత్తితే వినిపించే తీర్పు ఒకటే. అది పాటలూ సినిమాలూ దొంగిలించడానికి కాలేజీ కుర్రాళ్ళు కనిపెట్టిన కిటుకట. కోర్టులు దాని నడుం విరగ్గొట్టాయట. నెలకింతని కట్టి హాయిగా చూసుకునే స్ట్రీమింగ్ వచ్చాక మిగిలిన ఊపిరి కూడా పోయిందట. క్లౌడ్ గెలిచింది, టొరెంట్ ఓడింది, కథ కంచికి మనం ఇంటికి. ఈ మాట చెప్పేవాళ్ళలో కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళు, క్లౌడ్ పేరు మీద జీతం తీసుకునేవాళ్ళు కూడా ఉండటంతో దీనికి లేని పెద్దరికం వచ్చింది.

ఇందులో పుట్టుక గురించి చెప్పింది తప్పు. చావు గురించి చెప్పింది తప్పు. చంపినవాడి పేరు కూడా తప్పే.

పుట్టుక సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పని. 1969 చివరికి అర్పానెట్ నాలుగు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపింది: లాస్ ఏంజెలిస్, శాంటా బార్బరాల్లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, యూటా విశ్వవిద్యాలయం. ఈ నాలుగింట్లో సర్వర్ ఏది? ఏదీ కాదు. ప్రతిదీ మిగతా మూడింటిని పిలవగలదు, ప్రతిదీ పిలిస్తే పలకగలదు. పదేళ్ళు గడిచాక డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ మొదలుపెట్టిన యూజ్‌నెట్‌కూ హెడ్డాఫీసు అంటూ లేదు. ఒక కంప్యూటర్ టెలిఫోన్ లైను మీద ఇంకో కంప్యూటర్‌కు ఫోన్ చేసేది. తన దగ్గర చేరిన కొత్త సందేశాలు దానికిచ్చి, దాని దగ్గరున్నవి తను తీసుకునేది. అది మరో దానికి ఫోన్ చేసేది. అలా చేయి మారుతూ ఖండాలు దాటాయి ఆ రాతలు. అంటే సమానుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అనేది ఇంటర్నెట్ మొదటి స్వభావం. ఒకచోట సర్వర్ పెట్టి, మిగతా లోకాన్నంతా అడిగేవాళ్ళుగా కూర్చోబెట్టడం తర్వాత వచ్చిన ఏర్పాటు. దొంగలు కనిపెట్టారని చెప్పే దాన్ని ముప్ఫై ఏళ్ళ ముందే అమెరికా రక్షణశాఖ డబ్బుతో ప్రొఫెసర్లు కట్టారు.

ఇక అందరూ సాక్ష్యానికి పిలిచేది నాప్‌స్టర్‌ని. 1999 జూన్‌లో షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు విడుదల చేశాడు. ఆ డిసెంబర్‌లోనే అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం దావా వేసింది. 2001 జూలైకి దుకాణం కట్టేశారు. పీర్-టు-పీర్ దోషి అని రుజువైందంటారు. కానీ నాప్‌స్టర్ ఎలా పనిచేసిందో చూస్తే, అది సగం మాత్రమే పీర్-టు-పీర్. పాటలు వాడేవాళ్ళ కంప్యూటర్లలో ఉండేవి, ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళ్ళేవి. నిజమే. కానీ ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. మీరు పాట పేరు కొడితే వెతికేది ఆ సర్వర్. కోర్టు చేయి వేసిందీ అక్కడే. జాబితా మీ దగ్గరే ఉంది గనుక ఏం జరుగుతోందో మీకు తెలుసు, తెలిసీ ఆపగలిగి ఆపలేదు, కాబట్టి బాధ్యత మీది అంది.

మన పల్లెల్లో కరణం చేతిలోనో పట్వారీ చేతిలోనో దస్త్రం ఉన్నన్నాళ్ళూ నడిచింది ఇదే తంతు. పొలం రైతుది, చాకిరీ రైతుది, దస్త్రం మాత్రం కరణం ఇంట్లో. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా ఊళ్ళో అసలు అధికారం ఎక్కడుందో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నెట్‌వర్కుల పాతికేళ్ళ చరిత్రను కూడా ఇదే ప్రశ్నతో చదవాలని నా వాదన. సరుకు ఎవరి దగ్గరుంది అన్నది పైపై ప్రశ్న. దస్త్రం ఎవరి దగ్గరుంది? నాప్‌స్టర్ తర్వాత జరిగిన ప్రతి మార్పూ ఈ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన జవాబే. దొంగతనం లెన్సుతో చూసేవాళ్ళకు ఇది కనపడదు.

మొదటి జవాబు మొరటుగా వచ్చింది. 2000 మార్చిలో నల్‌సాఫ్ట్ అనే కంపెనీలో పనిచేసే జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ గ్నుటెల్లా అనే ప్రోగ్రామును బయట పెట్టారు. వాళ్ళ యజమాని ఏఓఎల్ ఒక్క రోజులోనే దాన్ని తీయించేసింది. అప్పటికే దాన్ని దించుకున్నవాళ్ళు విప్పి చూసి, తమ సొంత ప్రోగ్రాములు రాసుకున్నారు. గ్నుటెల్లాలో దస్త్రమే లేదు. మీకేదైనా కావాలంటే మీ కంప్యూటర్ తనకు తెలిసిన నలుగురైదుగురిని అడుగుతుంది. వాళ్ళు తమకు తెలిసినవాళ్ళను అడుగుతారు. ఇలా ఏడు మెట్ల దాకా వెళ్ళి ప్రశ్న ఆగిపోతుంది. వందల మంది ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. లక్షల మంది చేరాక ప్రశ్నలే తీగలను నింపేశాయి. పైగా ఆ ఏడాదే జెరాక్స్ పరిశోధనశాలకు చెందిన ఏటన్ అదార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ లెక్కగట్టి చూస్తే, గ్నుటెల్లాలో దాదాపు 70 శాతం మంది ఏమీ పంచడంలేదని తేలింది. వచ్చే జవాబుల్లో సుమారు సగం పైనున్న ఒక్క శాతం మందే ఇస్తున్నారు.

ప్రత్యర్థులు ఇక్కడ పుస్తకం మూసేస్తారు. "చూశారా, మనిషి స్వభావమే అంత. పంచుకోమంటే పుచ్చుకుంటాడు గానీ ఇవ్వడు" అని. కానీ అసలు కథ ఈ రెండు వైఫల్యాల తర్వాతే మొదలైంది. వెతుకులాట సమస్యకు ఒక జవాబు, సోమరుల సమస్యకు ఒక జవాబు ఏడాది తిరిగేసరికి వచ్చాయి. రెండూ కంప్యూటర్ సైన్సు గర్వంగా చెప్పుకోదగ్గవి.

2001లో కార్డ్, క్యాన్, పాస్ట్రీ, టాపెస్ట్రీ అని నాలుగు పద్ధతులు దాదాపు ఒకేసారి వెలువడ్డాయి. కార్డ్ రాసిన అయిదుగురిలో ఐఐటీ మద్రాసులో చదివిన హరి బాలకృష్ణన్ ఒకరు. క్యాన్ పరిశోధనకు ముందు నిలిచింది పుణె విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చేసిన సిల్వియా రత్నసామి. (కార్డ్ బృందంలో ఇంకొకరు రాబర్ట్ మోరిస్. 1988లో ఇంటర్నెట్‌ని మంచాన పడేసిన 'వర్మ్' అనే పురుగు ప్రోగ్రాము రాసింది ఆయనే. ప్రత్యర్థులకు ఈ ముక్క ఉచితంగా ఇస్తున్నాను.) 2002లో పీటర్ మేముంకోవ్, డేవిడ్ మాజియేర్ తెచ్చిన కడెమ్లియా వీటన్నిటికన్నా ఎక్కువగా జనంలోకి వెళ్ళింది. దాని లోపలి పని కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే ఈ వ్యాసం మొత్తం దాని మీదే నిలబడుతుంది.

నెట్‌వర్కులో చేరే ప్రతి కంప్యూటర్ తనకు తనే 160 బిట్ల సంఖ్య ఒకటి పెట్టుకుంటుంది. వెతకాల్సిన ప్రతి వస్తువుకూ హ్యాష్ లెక్క (ఏ సమాచారాన్నైనా ఒకే పొడవున్న సంఖ్యగా మార్చే లెక్క) వేసి అలాంటి 160 బిట్ల సంఖ్యే తీస్తారు. ఆ వస్తువు ఎవరెవరి దగ్గర దొరుకుతుందో రాసి ఉంచే పని, దాని సంఖ్యకు ఎవరి సంఖ్య దగ్గరగా ఉంటే వాళ్ళది. దగ్గర అంటే ఊళ్ళ మధ్య దూరం కాదు. రెండు సంఖ్యల బిట్లను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట 1, లేనిచోట 0 వేస్తే వచ్చేది దూరం. 5ని బిట్లలో రాస్తే 101, 6ని రాస్తే 110. తేడాలు వేస్తే 011, అంటే 3. అంతే, ఈ రెండింటి దూరం 3. ప్రతి కంప్యూటర్‌కూ తన దగ్గరి సంఖ్యలవాళ్ళు బాగా తెలుసు, దూరం వెళ్ళేకొద్దీ కొందరే తెలుసు. మీకు కావలసిన సంఖ్యకు మీకు తెలిసినవాళ్ళలో దగ్గరివాణ్ణి అడిగితే, వాడు తనకు తెలిసినవాళ్ళలో ఇంకా దగ్గరివాణ్ణి చూపిస్తాడు. అడుగడుగుకూ మిగిలిన దూరం కనీసం సగానికి తగ్గుతుంది. పది లక్షల కంప్యూటర్లున్న నెట్‌వర్కులో సుమారు ఇరవై అడుగుల్లో తేలిపోతుంది. కోటికి పెరిగితే ఇంకో మూడు నాలుగు అడుగులు. ఎవరైనా కంప్యూటర్ ఆపేసి వెళ్ళిపోతే? ఒకే విషయాన్ని దగ్గరి సంఖ్యలవాళ్ళు చాలామంది రాసి ఉంచుతారు, మూల పత్రంలో ఆ సంఖ్య ఇరవై. చాలాసేపటి నుంచి ఉన్నవాడు ఇంకో గంట కూడా ఉండే అవకాశం ఎక్కువని గ్నుటెల్లా కొలతల్లో తేలింది గనుక, కడెమ్లియా పాత పరిచయాలను అంత తేలిగ్గా వదులుకోదు, కొత్త మొహం కనబడగానే మురిసిపోదు.

ఇంతకీ జరిగిందేమిటి? కరణాన్ని తీసేశారు, దస్త్రాన్ని మాత్రం ఉంచారు. నాప్‌స్టర్‌లో దస్త్రం ఒకరి దగ్గర ఉంది, గ్నుటెల్లాలో అసలు లేదు. ఇక్కడ ఉంది, చిరిగి ఊరంతా పంచబడి ఉంది, అయినా ఏ పేజీ ఎక్కడుందో ఎవరైనా ఇరవై అడుగుల్లో తేల్చగలరు. ఇది దొంగల కిటుకు అనేవాళ్ళు ఒక్కసారి ఆ పత్రాలు చదివి ఆ మాట అనాలి.

రెండో జవాబు, సోమరుల సంగతి, బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ నుంచి 2001లో వచ్చింది. బిట్‌టొరెంట్ పేరు వినని తెలుగు కుర్రాడు ఆ దశకంలో లేడు. బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్లలో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా డౌన్‌లోడ్‌కు లెక్క ఉండని రోజుల్లో, అలారం పెట్టుకుని లేచి టొరెంట్ నొక్కి పడుకున్న తరం ఒకటుంది. వాళ్ళలో చాలామందికి అది వాడటం వచ్చు, అది ఏం చేస్తోందో తెలియదు.

ఒక లినక్స్ సీడీ తీసుకుందాం, 700 ఎంబీ. దాన్ని 256 కేబీ ముక్కలు చేస్తే 2,800 ముక్కలు. ప్రతి ముక్కకూ హ్యాష్ లెక్కతో 20 బైట్ల వేలిముద్ర. ఈ వేలిముద్రల పట్టికే టొరెంట్ ఫైలు, మొత్తం కలిపితే 55 కేబీ చిల్లర. అందులో అసలు సరుకు ఒక్క బైటు కూడా ఉండదు. ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చినా దిగగానే వేలిముద్రతో సరిచూస్తారు, తేడా వస్తే పారేస్తారు. కాబట్టి ఇచ్చేవాడు మంచివాడో కాదో తెలియాల్సిన పనిలేదు. ఏ ముక్క ముందు అడగాలి? నెట్‌వర్కులో అన్నిటికన్నా అరుదుగా ఉన్నదాన్ని. అలా అడగడం వల్ల అరుదైనది త్వరగా నలుగురి చేతుల్లోకీ వెళుతుంది, అది ఒక్కటే ఉన్నవాడు వెళ్ళిపోయినా నష్టం ఉండదు. ఎవరికి ఇవ్వాలి? నాకు ఎవరు వేగంగా ఇస్తున్నారో వాళ్ళకు. పది సెకన్లకోసారి ఈ లెక్క మళ్ళీ చూసుకుంటుంది. ముప్ఫై సెకన్లకోసారి మాత్రం ఏ లెక్కా లేకుండా ఎవరో ఒక కొత్తవాడికి చేయందిస్తుంది, ఎందుకంటే అప్పుడే వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది? వాడికీ ఒక మొదటి ముక్క కావాలి కదా. మనుషుల మంచితనం మీద ఆశ పెట్టుకోకుండా, మంచిగా ఉండటం లాభసాటి చేసిన నియమాలివి. వీటినీ మోసం చేయొచ్చని 2007లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అయినా ఆ మోసం బిట్‌టొరెంట్‌ను కూల్చలేదు.

దీని ఫలితం సర్వర్ పద్ధతికి సరిగ్గా తలకిందులు. సర్వర్ దగ్గర జనం పెరిగితే క్యూ పెరుగుతుంది. టెన్త్ ఫలితాల రోజు సైటు పడిపోవడం మనకు కొత్తా? ఇక్కడ జనం పెరిగితే ఇచ్చే చేతులూ పెరుగుతాయి. కోహెన్ మొదటి రూపంలో ట్రాకర్ అనే చిన్న సర్వర్ మాత్రం మిగిలింది, ఎవరెవరు ఉన్నారో చెప్పడానికి. 2005 నాటికి బిట్‌టొరెంట్ ప్రోగ్రాముల్లోకి కడెమ్లియా వచ్చి ఆ ట్రాకర్ అవసరాన్నీ తీసేసింది. పైరేట్ బే సైటు 2009లో తన ట్రాకర్ మూసేసినా ఏమీ ఆగకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు కోర్టులు. ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రాము ఇచ్చిన గ్రోక్‌స్టర్ కంపెనీ కేసులో 2005 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పును పీర్-టు-పీర్‌కు మరణశాసనంగా చూపిస్తారు. ఆ తీర్పు శిక్షించింది సాంకేతికతను కాదు. దొంగ కాపీలకు రండి రండి అని జనాన్ని పురిగొల్పిన కంపెనీ ప్రవర్తనను. అదే తీర్పులో జస్టిస్ డేవిడ్ సూటర్, ఇలాంటి నెట్‌వర్కులకు ఖర్చులో, భద్రతలో, సామర్థ్యంలో లాభాలున్నాయనీ, విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలూ ప్రభుత్వ సంస్థలూ వాడుతున్నాయనీ స్పష్టంగా రాశారు. ఆ పేరా ఎవరూ ఎత్తరు.

మన దగ్గరికొస్తే ఇంకా విచిత్రం. 2012లో తమిళ సినిమా '3', తెలుగు సినిమా 'దమ్ము'ల పైరసీ మీద మద్రాసు హైకోర్టు, ముద్దాయి పేరు లేని 'జాన్ డో' ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు ఏం ఆపేశాయి? పైరేట్ బేతో పాటు విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్. విమియోకూ పీర్-టు-పీర్‌కూ ఏ సంబంధమూ లేదు, అది మామూలు వీడియో సైటు. జూన్‌లో కోర్టే కలగజేసుకుని, సైట్లు మొత్తంగా కాదు, దొంగ కాపీ ఉన్న ఫలానా పేజీలు చెప్పి ఆపమంది. మరుసటి ఏడు 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికి పైగా బయటికొచ్చినప్పుడు మళ్ళీ టొరెంట్లనే తిట్టారు. పోలీసుల దర్యాప్తు చివరికి తేల్చింది, నిర్మాణంలో పనిచేసినవాళ్ళ చేతుల మీదుగా కాపీ బయటపడి, కృష్ణా జిల్లా పెడన దాకా డిస్కుల్లో వెళ్ళిందని. ఇక ఐబొమ్మ. తెలుగువాళ్ళు ఇటీవల ఎక్కువగా చెప్పుకున్న ఈ దొంగ సినిమాల సైటు నడిచింది మామూలు స్ట్రీమింగ్ పద్ధతిలోనే, టొరెంట్ ముక్కలతో కాదు. దొంగకు ఏ బండి దొరికితే ఆ బండెక్కుతాడు. సర్వర్ బండెక్కినప్పుడు సర్వర్లను నిషేధించాలని మాత్రం ఎవరూ అనరేం?

స్ట్రీమింగ్ చంపేసిందన్న మాట ఇంకా సరదాగా ఉంటుంది. స్పాటిఫై మొదటి ఆరేళ్ళు పీర్-టు-పీర్ మీద నడిచింది. మ్యూటొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రాము రాసిన లుడ్విగ్ స్ట్రిగియస్ స్పాటిఫై ఇంజనీరయ్యాడు. 2010లో ఆ కంపెనీవాళ్ళే ప్రచురించిన కొలతల ప్రకారం, జనం విన్న సంగీతంలో కంపెనీ సర్వర్ల నుంచి వచ్చింది 8.8 శాతం. 35.8 శాతం ఇతర శ్రోతల కంప్యూటర్ల నుంచి, మిగతాది ముందే దాచుకున్న సొంత కాపీల నుంచి. అంటే పైరసీని చట్టబద్ధ సంగీతం ఓడించిందని చెప్పే కథలో, ఆ చట్టబద్ధ సంగీతాన్ని మోసింది టొరెంట్ భుజాలే. 2014లో స్పాటిఫై ఆ పద్ధతి ఆపేసింది. సర్వర్లు చవకయ్యాయి, వినేవాళ్ళు కంప్యూటర్ల నుంచి మొబైళ్ళకు మారారు, మొబైల్ బ్యాటరీ ఖర్చుపెట్టి పక్కవాడికి పాట పంపమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇది సహేతుకమైన వ్యాపార నిర్ణయం. ఓడిపోవడం వేరు, పని ముగించుకుని పక్కకు జరగడం వేరు.

స్కైప్‌నూ సాక్ష్యంగా తెస్తారు. కజా అనే ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రాము రాసిన ఎస్తోనియా ప్రోగ్రామర్లే 2003లో స్కైప్ రాశారు. మంచి కనెక్షన్ ఉన్న మామూలు వాడుకరుల కంప్యూటర్లనే 'సూపర్‌నోడ్లు'గా వాడుకుని, పెద్ద టెలిఫోన్ కంపెనీలకు చెమటలు పట్టించారు. అమెరికాకు కొత్తగా వెళ్ళిన పిల్లలు కాలింగ్ కార్డులు పారేసి తల్లిదండ్రులతో గంటల తరబడి మాట్లాడింది దాని పుణ్యమే. 2007 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ తర్వాత లక్షల కంప్యూటర్లు ఒకేసారి రీస్టార్టయి, అందరూ ఒకేసారి లాగిన్ అవబోతే, ప్రోగ్రాములోని ఒక లోపం కూడా తోడై స్కైప్ రెండు రోజులు పడిపోయింది. మైక్రోసాఫ్ట్ కొన్నాక 2012లో సూపర్‌నోడ్లను తన డేటా సెంటర్లలోకి మార్చుకుంది. "చూశారా, చివరికి సర్వరే దిక్కు." సరే. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ తన రౌటర్లకు ఇచ్చిన ఒక ఆజ్ఞ తప్పుగా పోయి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ప్రపంచమంతా ఆరు గంటల పాటు మాయమయ్యాయి. దాన్ని చూసి సర్వర్ల యుగం ముగిసిందని ఎవరైనా వ్యాసం రాశారా? స్కైప్ సర్వర్లలోకి మారాక కూడా బతకలేదు, 2025 మేలో మూసేశారు.

ఇవన్నీ పక్కన పెట్టినా, 'క్లౌడ్ గెలిచింది' అనే మాటే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. ఎందుకంటే క్లౌడ్ లోపల ఏముందో ఆ మాట అనేవాళ్ళకే బాగా తెలియాలి. కార్డ్ పద్ధతికి పునాది కన్సిస్టెంట్ హ్యాషింగ్ అనే లెక్క. దాన్ని 1997లో డేవిడ్ కార్గర్, టామ్ లైటన్, డేనియల్ లెవిన్, మరికొందరు రాశారు. మరుసటి ఏడు లైటన్, లెవిన్ అదే లెక్కతో అకమాయ్ కంపెనీ పెట్టారు, పెద్ద సైట్ల పేజీలను లోకమంతా మోసే వ్యాపారం అది. 2007లో అమెజాన్ తన షాపింగ్ బుట్టల వెనకున్న డైనమో వ్యవస్థ వివరాలు ప్రచురించింది. అందులో ప్రధాన యంత్రం లేదు, ప్రతి యంత్రానికీ ఒకే రకమైన బాధ్యత, ఎవరు బతికున్నారో ఎవరు పోయారో ఒకరికొకరు చెప్పుకునే కబుర్ల ద్వారా తెలుసుకుంటారు. డైనమో రాసినవాళ్ళలో ఒకరైన అవినాశ్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్‌తో కలిసి ఫేస్‌బుక్‌లో కసాండ్రా కట్టారు. 2008లో దాని కోడ్ అందరికీ ఇచ్చేశారు. గచ్చిబౌలిలో ఎన్ని ఆఫీసుల్లో కసాండ్రా నడుస్తోందో అక్కడ పనిచేసేవాళ్ళే చెప్పాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యజమాని యంత్రం లేని నెట్‌వర్కుని కాపలా కాసి, రాత్రి భోజనాల దగ్గర "పీర్-టు-పీర్ చచ్చిపోయింది" అనడానికి ఏదో ప్రత్యేక శిక్షణ ఉండాలి.

ఇంకా ఉంది. ఫేస్‌బుక్ తన కొత్త ప్రోగ్రామును వేలాది సర్వర్లకు పంచడానికి బిట్‌టొరెంట్ వాడింది. ట్విటర్ 2010లో ఇదే పనికి బిట్‌టొరెంట్‌తో మర్డర్ అనే ఉపకరణం చేసుకుంది, నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. 2015లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ ముక్కలను పక్క కంప్యూటర్ల నుంచి తెచ్చుకోగలదు. మీ ఇంట్లో రెండు ల్యాప్‌టాపులుంటే ఒకటి రెండోదానికి పంచుతూ ఉండొచ్చు, మీకు తెలియకుండానే. గుంటూరులో అమ్మ, డాలస్‌లో కొడుకు వాట్సాప్‌లో మాట్లాడుకుంటుంటే, దారి దొరికినప్పుడు ఆ మాటలు రెండు ఫోన్ల మధ్య నేరుగా వెళతాయి. అవతలివాళ్ళకు తమ ఐపీ అడ్రస్ కనపడకూడదనుకునేవాళ్ళ కోసం, కాల్‌ను సర్వర్ గుండా తిప్పే సదుపాయం 2023లో విడిగా చేర్చాల్సి వచ్చిందంటేనే, మామూలు దారి ఏదో అర్థం కావాలి.

ఆ ఐపీ అడ్రస్ సంగతి నిజమైన అభ్యంతరమే, దాటేయను. సమానులుగా మాట్లాడుకుంటే ఒకరి అడ్రస్ ఇంకొకరికి తెలుస్తుంది. టొరెంట్ గుంపులో చేరినవాడు ఆ గుంపులోని ప్రతివాడికీ కనపడతాడు. అలాగే, ఎవరి చేతిలోనూ లేని దస్త్రంలోంచి హానికరమైనదాన్ని తీసేయమని చెప్పడానికి ఎవరూ ఉండరు. పిల్లల మీద అఘాయిత్యాల వీడియోల విషయంలో ఇది వాదించి గెలిచే అంశం కాదు, భరించాల్సిన ఖరీదు, నేరస్థుల్ని ఒక్కొక్కరిగా పట్టుకోవడం తప్ప దారి లేదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. యజమాని లేనంత మాత్రాన సమానత్వం రాదు. పీర్-టు-పీర్ నగదు అని చెప్పుకుని 2009లో మొదలైన బిట్‌కాయిన్‌లో, 2014 నాటికి జీహ్యాష్ అనే ఒకే గుంపు చేతిలోకి సగం లెక్కింపు శక్తి చేరిపోయి, దాన్ని నమ్ముకున్నవాళ్ళే కంగారుపడ్డారు. పీర్-టు-పీర్ అంటే స్వేచ్ఛ, క్లౌడ్ అంటే బానిసత్వం అని ఊగిపోయేవాళ్ళ పక్షాన కూడా నేను లేను. ప్రతి వ్యవస్థలోనూ దస్త్రం ఎక్కడ పోగవుతోందో చూడమంటాను, అంతే.

ఇక మిగిలింది చంపినవాడి పేరు. చంపలేదు, గాయపరిచాడనాలి. ఆ గాయం కోర్టులో జరగలేదు, నెట్‌ఫ్లిక్స్ చేయలేదు. ఇంటికొచ్చే తీగ దగ్గర జరిగింది. పాత ఇంటర్నెట్ అడ్రస్‌లు 32 బిట్లవి, మొత్తం 430 కోట్లు కూడా లేవు. అవి చాలక తొంభైల మధ్య నుంచి నాట్ అనే సర్దుబాటు వచ్చింది, ఒక అడ్రస్ వెనక పదిమంది. తర్వాత మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే అడ్రస్ వెనక పెట్టాయి. లోపలివాడు బయటికి పిలవగలడు. బయటివాడు లోపలివాణ్ణి పిలవలేడు. నాలుగు యంత్రాల అర్పానెట్‌లో అందరికీ ఉన్న హక్కు, పిలిస్తే పలికే హక్కు, చడీచప్పుడు లేకుండా పోయింది. దానికి తోడు టెలిఫోన్ తీగ మీద వచ్చిన బ్రాడ్‌బ్యాండ్‌లో దించుకునే వేగం ఎక్కువ, పంపే వేగం అందులో చిన్న భాగం. ఇంట్లో కూర్చున్నవాడు తీసుకోవడానికే పుట్టాడని తీగే నిర్ణయించింది. ఇన్ని అడ్డంకుల మధ్య రెండు ఫోన్లు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి స్టన్, టర్న్ అనే మధ్యవర్తుల్ని పెట్టి గోడలకు కన్నాలు వేసే విద్య ఒకటి ఇంజనీర్లు నేర్చుకోవాల్సి వచ్చింది. అసలు లోపం గోడలది. పడిన చెడ్డపేరు మాత్రం పీర్-టు-పీర్‌ది, నెమ్మది అనీ, నమ్మలేమనీ.

ఇప్పుడు ఆ రెండు సాకులూ కరుగుతున్నాయి. 128 బిట్ల అడ్రస్‌లిచ్చే ఐపీవీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందువరసలో ఉంది. ఫైబర్ కనెక్షన్లు చాలా ఇళ్ళకు రెండు వైపులా ఒకే వేగం ఇస్తున్నాయి. అడ్రస్ కొరత లేదు, తీగ కొరత లేదు. కానీ మన నిర్వచనం ధోరణి మారలేదు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ డౌన్‌లోడ్. 2023 జనవరికి అది 2 ఎంబీపీఎస్ అయింది, అదీ డౌన్‌లోడే. రెండు పత్రాల మధ్య దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి, వేగం ఎనిమిది రెట్లు పెరిగింది, ఇంట్లోవాడు ఏదైనా పంపుతాడన్న ఊహ మాత్రం ప్రభుత్వానికి ఒక్కసారీ రాలేదు. ఆ వాక్యంలో అప్‌లోడ్‌కు కూడా ఒక సంఖ్య రాయాలి. ఇంటికిచ్చే ఐపీవీ6 అడ్రస్‌కు బయటి నుంచి వచ్చే పిలుపును, అడిగిన కస్టమర్‌కు కంపెనీ తెరిచి ఇవ్వాలనే షరతు లైసెన్సులో చేర్చాలి. పీర్-టు-పీర్ చచ్చిందో బతికిందో ఆ తర్వాత పందెం వేసుకోవచ్చు.